రేసుకు ముందు నాలుగు రోజులు

పటమట, విజయవాడ
సెప్టెంబరు

చిరంజీవి మాధురికి, అమ్మ ఆశీస్సులు.

ముంబయి ఫుల్ మారథాన్‌కి నీ పేరు ఖాయమైందని తెలిసి నాన్న, నాయనమ్మ, నేను ముగ్గురం చాలా సంతోషించాం. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. దాచుకుని నవంబరులో ఒకసారి, సంక్రాంతి పండక్కి ముందు ఇంకోసారి చదువుకో.

42.195 కిలోమీటర్లు పరిగెత్తే కాళ్ళు నువ్వుంటున్న గుంటూరు రోడ్ల మీదే తయారవుతాయి. ఆ పని శిక్షణ చూసుకుంటుంది. కానీ వేరే ఊరు వెళ్ళి పరిగెత్తే రేసు ఎక్కువగా గురువారానికీ ఆదివారం తెల్లవారుజాముకీ మధ్యే చెడిపోతుంది. రైల్లో నిద్ర పట్టదు, తెలియని తిండి పడదు, ఎక్స్‌పోలో, అంటే రేసుకి ముందు నంబర్లు ఇచ్చే ప్రదర్శనలో, మూడు గంటలు నిలబడతారు, అక్కడ కొన్న సాక్సులు ఆదివారమే తొడుక్కుంటారు. నాలుగు నెలల కష్టం అలా పోతే కడుపు తరుక్కుపోతుంది. అందుకే పరుగు గురించి కొంచెం, ఆ నాలుగు రోజుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మొదటి ఫుల్‌కి జనవరి రేసు ఎంచుకోవడం మంచి పని. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. దానికి తయారవ్వాలంటే పొడవు పరుగులు మన మే, జూన్ ఎండల్లో పడతాయి. తెల్లవారుజామున నాలుగింటికి కూడా గాలి వేడిగానే ఉండే రోజుల్లో ముప్పై కిలోమీటర్లు పరిగెత్తడం కోస్తా వాళ్ళకి శిక్షలాంటిది. జనవరి రేసుకైతే సెప్టెంబరులో మొదలుపెట్టి అక్టోబరు ఉక్కలో ఒళ్ళు కాచుకుని, నవంబరు, డిసెంబరు చల్లదనంలో దూరాలు పెంచుకోవచ్చు. పైగా ముంబయిది సముద్రపు తేమ. మన కృష్ణా తీరపు ఉక్కపోతకి అలవాటు పడిన ఒంటికి ఆ తేమ కొత్త కాదు. బెంగళూరు నుంచి వచ్చే వాళ్ళు అక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు.

మనకి లేనిది ఎత్తు. గుంటూరు, విజయవాడ రోడ్లు చదును. ముంబయి రూటులో ఏటా చిన్న చిన్న మార్పులు చేస్తుంటారు కాబట్టి ఈ ఏటి పటం చూసుకో. తిరుగు దారిలో, కాళ్ళు బాగా అలిసిపోయాక వచ్చే పెద్దార్ రోడ్డు ఎక్కుడు మాత్రం అందరూ భయపడేదే. నిజానికి అది పెద్ద కొండేం కాదు. ముప్పై దాటాక రావడమే దాని బలం. అందుకని అక్టోబరు నుంచి రెండు వారాలకోసారి కొండవీడు ఘాట్ రోడ్డు మీద ఎక్కుడు పరుగు పెట్టుకో. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చెయ్యి, చూపు పదిహేను అడుగుల ముందు ఉంచు, నడుము దగ్గర వంగకు. దిగేటప్పుడే జాగ్రత్త ఎక్కువ. మడమ బలంగా కొడుతూ దిగితే మోకాలి ముందు భాగం, తొడ ముందు కండరాలు దెబ్బ తింటాయి. అంత దూరం వెళ్ళడం కుదరని వారం ఇక్కడికి వస్తే కనకదుర్గ ఫ్లైఓవర్ ఉంది, కాకపోతే ఆదివారం తెల్లవారకముందే, ఎదురొచ్చే బండ్లు కనబడే వైపునే.

పొడవు పరుగు వారానికి ఒక్కటే, ఆదివారం. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించు. అన్నిటికన్నా పొడవైనది 30 నుంచి 32 కిలోమీటర్లు, రేసుకి సరిగ్గా మూడు వారాల ముందు. అంతకు మించితే లాభం కన్నా దెబ్బ ఎక్కువ. ఆ తర్వాత దూరం తగ్గించుకుంటూ రావాలి: మొదటి వారం మామూలులో మూడొంతులు, రెండో వారం సగం, రేసు వారం నలభై నిమిషాల తేలిక పరుగులు రెండు చాలు. ఈ తగ్గింపు వారాల్లో కాళ్ళు బరువుగా అనిపిస్తాయి, లేని నొప్పులు వచ్చినట్టుంటాయి. కంగారుపడి ఇంకో పొడవు పరుగు పెట్టకు.

గుంటూరులో స్టేడియం చుట్టూ తిరిగి పాతిక కిలోమీటర్లు పూర్తి చెయ్యడం మనసుకి విసుగు, ఒకే వైపు తిరగడం వల్ల తుంటికీ మంచిది కాదు. పొడవు పరుగుకు శనివారం రాత్రే ఇంటికి వచ్చేయి. ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 1.2 కిలోమీటర్లు. దాటి ఉండవల్లి వైపు కరకట్ట రోడ్డు పట్టుకుంటే దూరం ఎంత కావాలంటే అంత. బ్యారేజీ మీద అతుకుల దగ్గర కాలు చూసి వెయ్యి. కరకట్ట మీద చీకట్లో కుక్కలుంటాయి. ఎదురొస్తే పరుగు ఆపి నడు, కళ్ళలోకి చూడకు, అవి దాటిపోయాక మళ్ళీ మొదలుపెట్టు. నాన్న స్కూటర్ మీద నీళ్ళు తెస్తానన్నారు, ప్రతి నాలుగు కిలోమీటర్లకి ఆగుతారు.

ఆ పరుగులే నీ ప్రయోగశాల. ఆదివారం ముంబయిలో ఏం తింటావో, ఏం తొడుక్కుంటావో, ఎప్పుడు లేస్తావో అన్నీ ముందు ఇక్కడ మూడు నాలుగు సార్లు చేసి చూడాలి.

చెమట లెక్క కూడా ఇక్కడే తేల్చుకో. డిసెంబరులో ఒక ఆదివారం పరుగుకి ముందు పలచని బట్టలతో బరువు చూసుకో. గంట పరిగెత్తాక ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకో. ముందు 55.0 కిలోలు, తర్వాత 54.6 ఉండి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగావనుకో. అంటే గంటకు 700 మిల్లీలీటర్ల చెమట. అందులో ప్రతి చుక్కా తిరిగి తాగాలని లేదు. గంటకు 500 తాగితే అయిదు గంటల్లో కిలో తగ్గుతావు, నీ బరువులో రెండు శాతం లోపే, అది ఒళ్ళు భరిస్తుంది. కొందరు దాహం లేకపోయినా ప్రతి టేబుల్ దగ్గరా మంచినీళ్ళు సీసాలకి సీసాలు తాగుతారు. అలా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్ళు ఉబ్బుతాయి, ఉంగరం బిగుసుకుంటుంది, తలనొప్పి, వాంతి వచ్చేట్టుంటుంది. నీరసం అనుకుని ఇంకా నీళ్ళు తాగితే ప్రాణం మీదకి వస్తుంది. నెమ్మదిగా పరిగెత్తే వాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే దారిలో ఎక్కువసేపు ఉంటారు, తాగడానికి తీరిక ఎక్కువ.

లీటరుకని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళకే కలపాలి. 200 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం ప్యాకెట్ పోసి కలిపితే చిక్కబడి కడుపులో తిప్పుతుంది, విరేచనం కూడా అవుతుంది. మందుల షాపులో అడిగి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నదే తీసుకో. అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి జ్యూసులు దానికి బదులు కాదు.

ఇక టికెట్లు. ముంబయి రేసు జనవరి మూడో ఆదివారం, అంటే మన సంక్రాంతి వెంటనే. ఆ వారం రైళ్ళలో, బస్సుల్లో సీటు దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. రిజర్వేషను 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 60 రోజులు రైలు బయలుదేరే ఊరి తేదీ నుంచి లెక్క, మనం ఎక్కే తేదీ నుంచి కాదు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ముందురోజే భువనేశ్వర్‌లో బయలుదేరి తెల్లవారి విజయవాడ వస్తుంది. కాబట్టి నువ్వు ఎక్కే తేదీకి ఒక రోజు వెనక్కి జరిగి లెక్కపెట్టు, లేకపోతే నువ్వు చూసేసరికి వెయిటింగ్ లిస్టే మిగులుతుంది. ఆ రైలు నేరుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కే వెళుతుంది, రేసు మొదలయ్యేదీ ఆ స్టేషను ముందే. విమానమైతే గన్నవరం నుంచి కానీ శంషాబాద్ నుంచి కానీ. కానీ ఏది ఎక్కినా శుక్రవారం మధ్యాహ్నానికి ముంబయిలో ఉండాలి, శనివారం కాదు. రైలు ఆలస్యమైతే సర్దుకునే వీలుండాలి, బిబ్, అంటే ఒంటికి తగిలించుకునే రేసు నంబరు, తీసుకునే వేళ దాటకూడదు. రేసు రోజు ఉదయం బిబ్ ఇవ్వరు.

పండగ మూడు రోజులకీ రేసుకీ దూరం ఒక్కో ఏడు ఒక్కోలా పడుతుంది. కనుమ నాడు కాకైనా కదలదని నాయనమ్మ పట్టుపట్టవచ్చు. ఆవిడతో నేను మాట్లాడతాను, నువ్వు ఆ గొడవ మనసులో పెట్టుకోకు. నాకు భయమల్లా పండగ తిండి. అరిసెలు, సకినాలు, కనుమ నాటి మినప గారెలు, మాంసం అన్నీ నూనె, మసాలా, పప్పు. సరిగ్గా పిండిపదార్థాలు నింపుకోవాల్సిన రోజులవే. రెండు అరిసెలు తిను, ఎవరూ కాదనరు, కానీ గారెలు ఆరు తింటే ఆ నూనె అరగడానికే ఒక పూట పోతుంది. నీ వాటా డబ్బాలో పెట్టి ఉంచుతాను, వచ్చాక తిందువు.

రేసుకి ముందు రెండు రోజులు, అంటే శుక్ర, శనివారాలు, ఒంటి బరువులో కిలోకి 8 గ్రాముల చొప్పున పిండిపదార్థం కావాలి. నీ 55 కిలోలకి 440 గ్రాములు. అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ మన తిండితో సులువే. ఉడికిన తెల్లన్నం 100 గ్రాముల్లో 28 గ్రాములుంటుంది. పావుకిలో అన్నం చొప్పున మూడు పూటలకి 210. పొద్దున నాలుగు ఇడ్లీలు 45. రెండు అరటిపండ్లు 50. నాలుగు బ్రెడ్డు ముక్కలు 50. ఖర్జూరాలు ఆరు, గ్లాసుడు బెల్లం పానకం, ఒక దోసెడు మరమరాలు కలిపితే మిగతాది సరిపోతుంది. అన్నంలోకి పెరుగు, పలచని పప్పుచారు చాలు. గోంగూర, ఆవకాయ, వేపుళ్ళు, ముడిబియ్యం, రాగులు, పచ్చి కూరలు ఈ రెండు రోజులూ వద్దు. పీచు ఎక్కువైతే పరుగులో మధ్యలో ఆగాల్సి వస్తుంది. కారం సంగతి గుంటూరు పిల్లవి, వేరే చెప్పక్కర్లేదు. గురువారం సాయంత్రం నుంచే ఆపెయ్యి. శనివారం తూకం చూస్తే కిలో, కిలోన్నర పెరిగి ఉంటావు. అది కొవ్వు కాదు. కండరంలో దాచుకున్న ప్రతి గ్రాము పిండిపదార్థానికీ ఒళ్ళు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టి ఉంచుకుంటుంది. పరుగులో అది అక్కరకొచ్చేదే.

శనివారం రాత్రి కడుపు నిండా తినకు. పెద్ద భోజనం మధ్యాహ్నమే అయిపోవాలి. రాత్రి ఏడు లోపల పెరుగన్నం, అరటిపండు.

రైల్లో ప్యాంట్రీ బిర్యానీ, ప్లాట్‌ఫాం మీద కోసి పెట్టిన పండ్ల ముక్కలు ముట్టుకోకు. ఇంటి నుంచి పులిహోర కాదు, నూనె తక్కువగా నిమ్మకాయ అటుకులు చేసి ఇస్తాను. మొదటి పూటకి అవి తిను. రెండో పూటకి బ్రెడ్డు, తేనె, తొక్క తీసుకుని తినే పండ్లు. ఏసీ బోగీలో దాహం తెలియదు, రెండు గంటలకోసారి గ్లాసుడు నీళ్ళు తాగు. గంటకోసారి లేచి బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి నడు, తలుపు దగ్గర నిలబడి మడమలు పైకెత్తి దించడం ఇరవైసార్లు చెయ్యి.

సామాను రెండు భాగాలు. రేసుకి కావాల్సినదంతా వీపు సంచిలో: బూట్లు, సాక్సులు, పరుగు బట్టలు, జెల్సు (పరుగులో మింగే తియ్యటి ప్యాకెట్లు), వాచీ, దాని చార్జరు, ఆధార్, రిజిస్ట్రేషను కాగితం. ఆ సంచి రైల్లో తల కింద ఉండాలి. విమానమైతే కౌంటరులో ఇవ్వకూడదు. మిగతాది పోయినా కొనుక్కోవచ్చు, అలవాటైన బూట్లు ముంబయిలో కొనలేవు. ఇంకో సంగతి, రిజిస్ట్రేషనులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూడు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. కౌంటరు దగ్గర ఆ తేడా తలనొప్పి.

గది స్టేషనుకి నడిచే దూరంలో, ఫోర్ట్ వైపు కానీ చర్చ్‌గేట్ వైపు కానీ చూసుకో. దూరంలో చవకగా దొరుకుతుంది, కానీ రేసు రోజు తెల్లవారుజామున రోడ్లు మూసేస్తారు, కారు దగ్గరిదాకా రాదు. రన్నర్ల కోసం ప్రత్యేక లోకల్ రైళ్ళు నడపడం అక్కడ ఉన్నదే. దూరంగా ఉండాల్సి వస్తే ఆ ఏడు వాటి వేళలు ముందు తెలుసుకుని, ఒక రైలు తప్పినా ఇంకోటి అందేట్టు బయలుదేరు. గది తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడుగు: లిఫ్టు ఉందా, కెటిల్ ఉందా, ఆదివారం మధ్యాహ్నం దాకా గది ఉంచుకోవచ్చా. ఉచిత టిఫిన్ గురించి అడగకు. హోటల్ టిఫిన్ మొదలయ్యేసరికి నువ్వు రోడ్డు మీద ఉంటావు. తోడు లేకుండా చీకట్లో నడవకు. ఆ హోటల్లో ఇంకా రన్నర్లు దిగి ఉంటారు, శనివారమే రిసెప్షనులో అడిగి కలిసి బయలుదేరండి.

ఎక్స్‌పోకి శుక్రవారమే వెళ్ళు. శనివారం జనం తోసుకుంటారు. బిబ్, సంచి తీసుకుని గంటలో బయటపడు. అంగళ్ళు చూడ్డానికి బాగుంటాయి, రుచి చూడమని గ్లాసుల్లో ఏవేవో ఇస్తారు, ఏదీ తాగకు. అక్కడే బిబ్ వెనక నీ రక్తం గ్రూపు, నాన్న నంబరు రాసెయ్యి. టైమింగ్ చిప్ బిబ్‌కే అతికించి ఉంటుంది, మడత పెట్టకు. నాలుగు మూలలా పిన్నులు పెట్టి పొట్ట మీదుగా తగిలించు, వీపు మీద కాదు. శనివారం పొద్దున పావుగంట తేలిక జాగింగు. తర్వాత కాళ్ళు పైకి పెట్టుకుని గదిలోనే ఉండు. గేట్‌వే ఆఫ్ ఇండియా సోమవారం చూడొచ్చు.

ఇప్పుడు పాదాలు. ఇది నిదానంగా చదువు.

బూట్లు మామూలు చెప్పుల సైజు కన్నా సగం నుంచి ఒక సైజు ఎక్కువ ఉండాలి. గంటల తరబడి పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, బొటనవేలి ముందు ఒక వేలెడు మందం ఖాళీ లేకపోతే గోరు నల్లబడుతుంది. రేసు నాటికి ఆ జత మీద 60 నుంచి 80 కిలోమీటర్లు తిరిగి ఉండాలి. అంతకన్నా కొత్తవి గట్టిగా ఉంటాయి. 500, 600 దాటినవాటి అడుగు మెత్తదనం తగ్గిపోతుంది. కాబట్టి నవంబరు చివర్లో కొత్త జత కొని మెల్లగా అలవాటు చెయ్యి. సాక్సులు నూలువి వద్దు. నూలు చెమట పీల్చి తడిగానే ఉంటుంది, తడి చర్మం ఒరుసుకుని బొబ్బ లేస్తుంది. లేసు కడితే మడమ జారకూడదు. బూటు పైన చివర ఉండే అదనపు రంధ్రం అందుకే. లేసుని అదే వైపున్న ఆ రంధ్రంలో దూర్చి చిన్న మడత వదిలి, అవతలి లేసు కొసని ఆ మడతలోంచి తీసి బిగించు. మడమ కదలదు, పాదం పైభాగం నొక్కుకోదు. గోళ్ళు బుధవారమే కత్తిరించుకో, శనివారం కత్తిరిస్తే మూలలు కోస్తాయి. వేళ్ళ మధ్య, మడమ వెనక వాజిలిన్ పట్టించు. దారిలో తల మీద నీళ్ళు పోసుకునేటప్పుడు ముందుకి వంగి పోసుకో. నిలబడి పోసుకుంటే బూట్లలోకి కారి, నానిన పాదానికి పది కిలోమీటర్లలో బొబ్బలు.

వాజిలిన్ తొడల లోపల, చంకల్లో, బ్రా కింది పట్టీ పొడవునా, వీపు మీద హుక్ దగ్గర కూడా రాయాలి. ఉప్పు చెమట ఎండి పట్టీ ఒరుసుకుంటే నాలుగో గంటకి చర్మం లేచిపోతుంది, స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది ఆ మంట. ఎక్స్‌పోలో ఇచ్చే రేసు టీషర్టు ఆ రోజు వేసుకోకు, దాని కుట్లు నీ ఒంటికి తెలియవు.

నెలసరి తేదీ ఆ వారం పడితే కంగారేం లేదు, పరిగెత్తవచ్చు. మామూలుగా వాడేవే రెండింతలు తీసుకెళ్ళు, సంచిలో డార్క్ రంగు షార్టు ఇంకోటి పెట్టు. వాయిదా మాత్రలు మాత్రం డాక్టరుని అడగకుండా వేసుకోకు, ముందూ వెనకా గంటల తరబడి కూర్చుని చేసే ప్రయాణముంది, రక్తం గడ్డకట్టే గుణం ఆ మాత్రలకి కొంత ఉంది. నొప్పి మాత్రలు, ఐబూప్రొఫెన్ కానీ డైక్లోఫెనాక్ కానీ, రేసుకి ముందు, మధ్యలో అసలు వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

ఆదివారం. రేసు అయిదింటికి అనుకుంటే రెండింటికి లేవాలి. శనివారం రాత్రి నిద్ర పట్టకపోయినా పరవాలేదు, అసలు నిద్ర శుక్రవారం రాత్రిది, అది పాడు చేసుకోకు. రెండుంపావుకి తిండి: మూడు ఇడ్లీలు చెట్నీ లేకుండా పంచదారతో, లేకపోతే తేనె రాసిన బ్రెడ్డు మూడు ముక్కలు, ఒక అరటిపండు. కాఫీ అలవాటే కాబట్టి తాగు. నీళ్ళు అరలీటరు మెల్లగా, మూడున్నర దాటాక రెండు గుక్కలే. కడుపు ఖాళీ చేసుకునే పని గదిలోనే పూర్తి చేసుకో, అక్కడి బయో టాయిలెట్ల ముందు వరస చాంతాడంత ఉంటుంది. సంచిలో టిష్యూ పెట్టుకో. బ్యాగేజీ కౌంటరులో ఇచ్చే సంచిలో పొడి టీషర్టు, తువ్వాలు, చెప్పులు, ఓఆర్‌ఎస్, 500 రూపాయలు, అంతే. పాత చొక్కా ఒకటి పైన వేసుకుని నిలబడు, మొదలయ్యే ముందు తీసెయ్యి. వరసలో ముప్పావుగంట నిలబెడతారు, వీలుంటే కూర్చో.

నువ్వు అనుకున్న అయిదు గంటలకి కిలోమీటరుకి 7 నిమిషాల 6 సెకన్లు పడుతుంది. మొదటి అయిదు కిలోమీటర్లు 7.20 కన్నా వేగంగా వెళ్ళకు. చల్లగా ఉంటుంది, చుట్టూ జనం, చప్పట్లు, రెండు వారాల విశ్రాంతి, 6.40 కూడా నడకలా అనిపిస్తుంది. అప్పుడు ఆదా చేసిన ఒక్కో నిమిషానికి ముప్పై అయిదు తర్వాత మూడు నిమిషాలు కట్టాలి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం దాదాపు 2000 కేలరీలు. వేగం పెరిగిన కొద్దీ అది దీపంలో నూనెలా త్వరగా అయిపోతుంది, ముప్పై, ముప్పై అయిదు మధ్య ఒక్కసారిగా కాళ్ళు ఆగిపోవడం అందుకే. దాన్ని తిండితో కొంత పూడ్చాలి. గంటకి 30 నుంచి 60 గ్రాములు. జెల్‌లో 20, 25 ఉంటుంది. నలభయ్యో నిమిషం నుంచి నలభై నిమిషాలకోటి, మొత్తం ఏడు. ఆకలి వేసేదాకా ఆగకు, అప్పటికి ఆలస్యం. జెల్ మంచినీళ్ళతోనే. తియ్యటి ఎలక్ట్రోలైట్‌తో కలిస్తే కడుపులో చక్కెర ఎక్కువై వికారం పుడుతుంది. నీళ్ళ టేబుల్ దగ్గర ముప్పై అడుగులు నడుస్తూ తాగు, అర నిమిషం పోదు. నీళ్ళిచ్చే ప్రతిచోటా వరసలో మొదటి టేబుల్ దగ్గర ఆగకు, అందరూ అక్కడే పడతారు, చివరిదాని దగ్గర ఆగు.

వాచీ 42.195 దగ్గర మోగినా ముగింపు గీత ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు ఉంటుంది. రోడ్డు కొలిచేది మలుపుల్లో అతి దగ్గరి గీత మీద, మనం జనాన్ని తప్పుకుంటూ అటూ ఇటూ పోతాం. ఎత్తు భవనాల మధ్య జీపీఎస్ కూడా తడబడుతుంది. కిలోమీటరు బోర్డులు చూసి లెక్కకట్టుకో. జనవరిలో అక్కడ పొద్దు పొడిచేది ఏడుంపావుకి. ఎనిమిదిన్నర తర్వాత ఎండ చురుక్కుమంటుంది, నీ చివరి గంటన్నర ఆ ఎండలోనే. టోపీ మొదటి నుంచీ పెట్టుకో. పెద్దార్ రోడ్డు ఎక్కుడు నడిచినా తప్పులేదు, చేతులు ఊపుతూ చురుగ్గా నడు, పైకి చేరగానే మళ్ళీ పరుగు.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎండలో చలి వేసి చెమట ఆగిపోవడం, వీటిలో ఏదొచ్చినా ఆగిపోయి మెడికల్ టెంటుకి వెళ్ళు. రేసు వారంలో జ్వరం వచ్చినా పరిగెత్తకూడదు. టికెట్లు, ఫీజు పోతే పోనీ తల్లీ. ఇంకో జనవరి వస్తుంది.

ముగించాక వెంటనే కూలబడకు, కాళ్ళలో రక్తం నిలిచి కళ్ళు తిరుగుతాయి. పావుగంట నడు. అరగంటలోపు పండు, పాలు, ఏదో ఒకటి కడుపులో పడాలి. మధ్యాహ్నానికి పప్పన్నం, గుడ్డు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, లేక సాయంత్రం దాకా రాకపోతే, ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కండరాలు చిట్లిన పదార్థం మూత్రపిండాల్లో చేరి ఉండవచ్చు.

తిరుగు ప్రయాణం సోమవారం పెట్టుకో, ఆదివారం రాత్రి వద్దు. లోయర్ బెర్తే కావాలి. పైబెర్తు ఎక్కడం ఆ రోజు నీ వల్ల కాదు, దిగడం అసలే కాదు. వెస్టర్న్ కమోడ్ ఉన్న వైపు బోగీలో ముందే చూసి పెట్టుకో, కింద కూర్చుని లేవడం కష్టమవుతుంది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగు. గంటకోసారి లేచి నడవడం మర్చిపోకు.

లద్దాఖ్ మారథాన్ గురించి అడిగావు. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, సముద్రమట్టం నుంచి వెళ్ళే మనకి పరిగెత్తే ముందు వారం, పది రోజులు అక్కడ ఊరికే ఉండాలి. అంత సెలవు, రెండు ఫుల్సు చేసిన అనుభవం ఉన్నప్పుడు చూద్దాం. ముంబయికి ముందు వైజాగ్ నేవీ మారథాన్‌లో హాఫ్, అంటే సగం దూరం, చెయ్యి, బీచ్ రోడ్డు తేమ, రత్నాచల్ రైల్లో ప్రయాణం, కొత్త గదిలో తెల్లవారుజాము తిండి, అన్నీ ఒకసారి సాధన అయిపోతాయి. దానికి పొడవు పరుగుల లెక్క సరిపోయేట్టు చూసుకో. బెర్లిన్, టోక్యో లాటరీలో పడాలి, వీసా రావాలి, వాటి గురించి ఇంకో ఉత్తరం.

ముంబయి నుంచి వచ్చాక వారం రోజులు పరుగు లేదు. నడక, ఈత పరవాలేదు. రెండో వారం ఇరవై నిమిషాల చొప్పున మూడు రోజులు, మూడో వారం మామూలులో సగం. కాళ్ళ నొప్పులు నాలుగు రోజుల్లో పోతాయి, కానీ లోపల కండరం కుదుటపడడానికి మూడు వారాలు పైనే పడుతుంది. ఆ సమయంలో దొరికిన చిన్న రేసుల్లో పేరు ఇవ్వకు.

ఈ ఆదివారం వచ్చేటప్పుడు నీ పాత బూట్లు కూడా తీసుకురా. అడుగు ఏ వైపు అరిగిందో చూసి కొత్తవి ఎలాంటివి కొనాలో అనుకుందాం. శనివారం రాత్రి ఎనిమిదింటి లోపల ఇంట్లో ఉండు, అన్నం తొందరగా పెట్టేస్తాను. నాలుగున్నరకి బ్యారేజీ దగ్గర మొదలుపెట్టాలి.

అమ్మ